ఇంజన్ నల్లపొగ వదిలి ఆగిపోతోందా? కార్బురేటర్ మార్చే ముందు చోక్ చూసుకోండి

గడ్డి కోత యంత్రాలు, పవర్ వీడర్లలో చోక్ సమస్యలు: రైతు స్థాయిలో గుర్తించడం, సరిచేసుకోవడం

మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలో, ఆ చుట్టుపక్కల సింగరేణి ప్రాంతంలో వ్యవసాయ కూలీల కొరత కొత్త కాదు. బొగ్గు గనుల్లో, విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పనులు దొరుకుతాయి కాబట్టి పత్తిలో కలుపు తీసే సమయానికి మనుషులు దొరకడం కష్టం. అందుకే చిన్న రైతులు కూడా పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లు, గడ్డి కోసే యంత్రాలు కొనుక్కుంటున్నారు. యంత్రం ఉంది కానీ అవసరమైన రోజున స్టార్ట్ కాదు. తాడు గుంజీ గుంజీ భుజం నొప్పి తప్ప పని జరగదు. పత్తిలో విత్తిన తొలి 50-60 రోజులు కలుపు లేకుండా చూసుకోవాలి. ఆ రోజుల్లో యంత్రం వారం పాటు మూలన పడితే, ఆ నష్టం రిపేరు ఖర్చుతో పోయేది కాదు.

నిరుడు వానాకాలంలో ఒక రైతు నాకు ఫోన్ చేశాడు. రెండెకరాల పత్తి, దానితో పాటు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పచ్చిక కోసే యంత్రం. కాలనీల్లో పచ్చిక కోసే పని కుదుర్చుకుని, ఆ డబ్బుతోనే చేనుకు ఎరువులు కొనుక్కుంటాడు. "సారూ, పొద్దుగాల ఒక్క గుంజుడుకే స్టార్ట్ అయితది. జర సేపటికి నల్లపొగ వచ్చి ఆగిపోతది. ఇగ ఎంత గుంజినా లేస్తలేదు" అన్నాడు. నేను ఫోన్లోనే "ప్లగ్ మార్చి చూడు" అని చెప్పాను. మార్చాడు. రెండో రోజుకు కొత్త ప్లగ్ కూడా మసి పట్టింది. పట్నంలో ఒక మెకానిక్ కార్బురేటర్ మొత్తం మార్చాలన్నాడట. అంత డబ్బు పెట్టే ముందు ఒకసారి చూద్దామని నేనే వెళ్లాను. ఇంజన్ పైమూత విప్పితే, లోపల ఎండిన గడ్డి పొట్టు ముద్దలుగా పేరుకుని ఉంది. చోక్‌ను తెరిచే సన్నటి కడ్డీ ఆ పొట్టులో ఇరుక్కుని కదలడం లేదు. పొట్టు తీసి, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, మూత బిగించాం. అరగంట పని. పైసా ఖర్చు లేదు. కానీ అప్పటికే అతనికి మూడు రోజుల పని పోయింది, కొత్త ప్లగ్ డబ్బులూ పోయాయి. ప్లగ్‌కు మసి పట్టడం రోగ లక్షణమే, రోగం కాదు అని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

చోక్ అంటే ఏమిటి? ఎందుకు?

పెట్రోల్ ద్రవంగా ఉంటే సరిగా మండదు. ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. మామూలుగా ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. అందుకని స్టార్ట్ చేసేటప్పుడు కాసేపు గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచాలి. ఆ పని చేసేదే చోక్.

ఎయిర్ ఫిల్టర్ విప్పి కార్బురేటర్ నోట్లోకి చూస్తే రూపాయి బిళ్లలా గుండ్రటి రేకు కనిపిస్తుంది. అదే చోక్ రేకు. అది మూసుకుంటే గాలి తగ్గుతుంది. తెరుచుకుంటే గాలి పెరుగుతుంది. ఇంజన్ వేడెక్కాక రేకు పూర్తిగా తెరుచుకోవాలి. ఇదే మొత్తం సూత్రం. మిగతా సమస్యలన్నీ ఈ రేకు మూసుకోవాల్సినప్పుడు మూసుకోకపోవడం, తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోకపోవడం వల్ల వచ్చేవే.

చోక్ రెండు రకాలు.

1. చేతి చోక్: మన పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లు, పెట్రోల్ పంపుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. చిన్న మీటను మనమే జరపాలి.

2. ఆటోమేటిక్ చోక్: పచ్చిక కోసే యంత్రాల్లో, కొన్ని కొత్త ఇంజన్లలో ఉంటుంది. మీట ఉండదు. ఇంజన్ తనంతట తానే రేకును తెరుస్తుంది, మూస్తుంది. చాలా వాటిలో సైలెన్సర్ దగ్గర రెండు లోహాలను అతికించి చేసిన చిన్న స్ప్రింగ్ ఉంటుంది. వేడి తగలగానే అది మెలిక మారి, కడ్డీని జరిపి రేకును తెరుస్తుంది. కొన్నింటిలో దీనికి తోడు ప్లాస్టిక్ రెక్క ఒకటి ఉంటుంది. ఇంజన్ తిరిగేటప్పుడు ఫ్లైవీల్ ఫ్యాన్ గాలి ఆ రెక్కను నెడుతుంది, రెక్క రేకును తెరుస్తుంది. ఇంకొన్నింటిలో ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడితో పనిచేసే పలుచటి రబ్బరు పొర ఉంటుంది.

మీ ఇంజన్‌కు చోక్ మీట కనిపించకపోతే అది ఆటోమేటిక్ రకం కావచ్చు. కొన్ని చిన్న ఇంజన్లకు చోక్ బదులు పెట్రోల్ నొక్కే రబ్బరు బుడ్డి మాత్రమే ఉంటుంది. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో చూసి తెలుసుకోండి.

లక్షణాన్ని బట్టి కారణం

• చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, తర్వాత నల్లపొగ, గుడగుడ శబ్దం, బలం తగ్గడం: చోక్ మూసుకునే ఉండిపోతోంది. లేదా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోయింది.

• పొద్దున అస్సలు స్టార్ట్ కాదు, ప్లగ్ విప్పితే పొడిగా ఉంది: చోక్ మూసుకోవడం లేదు, లేదా పెట్రోలే రావడం లేదు.

• ప్లగ్ విప్పితే పెట్రోల్‌తో తడిసి ఉంది, పెట్రోల్ వాసన గుప్పుమంటోంది: ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువైంది.

• వేడిగా ఉన్నప్పుడు ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు, చల్లారితే అవుతుంది: ఆటోమేటిక్ రకమైతే వేడిలోనూ రేకు మూసుకుపోతూ ఉండవచ్చు.

• స్టార్ట్ అవుతుంది కానీ చోక్ తెరవగానే ఆగిపోతుంది, చోక్ సగం మూస్తేనే నడుస్తుంది: చోక్ తప్పు కాదు. కార్బురేటర్ జెట్‌లో చెత్త అడ్డుపడి పెట్రోల్ తక్కువ వస్తోంది.

ఈ చివరి లక్షణాన్ని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. చోక్ సగం మూసి పని కానిచ్చేస్తారు. ఆ రోజుకు పని జరుగుతుంది కానీ అసలు సమస్య అలాగే ఉంటుంది.

విప్పే ముందు జాగ్రత్తలు

1. ఇంజన్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. సైలెన్సర్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది.

2. ప్లగ్ మీది వైరు క్యాప్ తప్పనిసరిగా ఊడదీసి పక్కకు పెట్టండి. పచ్చిక కోసే యంత్రంలో బ్లేడును చేత్తో తిప్పినా ఇంజన్ ఒక్కసారి అంటుకుని వేళ్లు తెగే ప్రమాదం ఉంది.

3. బీడీ, సిగరెట్, పొయ్యి దగ్గర పెట్టుకోవద్దు. ఆరుబయట గాలి ఆడే చోట పని చేయండి. మూసిన కొట్టంలో ఇంజన్ నడపవద్దు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది.

4. పచ్చిక కోసే యంత్రాన్ని పక్కకు వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ పైవైపు ఉండేలా వంచండి. వేరే వైపు వంచితే ఇంజన్ ఆయిల్ ఫిల్టర్‌లోకి దిగి, స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ వస్తుంది.

5. వారంటీ ఉంటే కార్బురేటర్ మీరు విప్పవద్దు. బిల్లుతో డీలర్ దగ్గరకు వెళ్లండి.

కావలసినవి: ప్లగ్ పానా, స్క్రూ డ్రైవర్, పాత టూత్‌బ్రష్, శుభ్రమైన గుడ్డ, కార్బురేటర్ క్లీనర్ స్ప్రే. ఈ స్ప్రే బైకుల స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతుంది.

వరుసగా ఇలా చూసుకోండి

మొదటి మెట్టు: సులువైనవి ముందు. పెట్రోల్ ఉందా, ట్యాప్ తెరిచారా, స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి. ఆయిల్ తగ్గితే స్టార్ట్ కాకుండా ఆపే సెన్సర్ కొన్ని ఇంజన్లలో ఉంటుంది. అందుకే యంత్రాన్ని సమతలంగా నిలబెట్టి ఆయిల్ చూడండి. పెట్రోల్ ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోల్ దిగదు. మూత కొంచెం వదులు చేసి స్టార్ట్ చేస్తే నడుస్తోందంటే తప్పు మూతదే.

రెండో మెట్టు: ఎయిర్ ఫిల్టర్. ఫిల్టర్ విప్పి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. మట్టితో నిండిపోయి ఉంటే అది కూడా చోక్ మూసినట్టే గాలిని అడ్డుకుంటుంది. చోక్ మీద అనుమానం పడే ముందు దీన్ని శుభ్రం చేయండి.

మూడో మెట్టు: రేకును చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆటోమేటిక్ చోక్ రేకు మూసుకుని ఉండాలి. ఒక విషయం గుర్తుంచుకోండి. మన దగ్గర ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన యంత్రంలో రేకు కొంత తెరిచి కనిపించవచ్చు. ఎండ వేడికే స్ప్రింగ్ కదిలి ఉంటుంది, అది లోపం కాదు. డిసెంబర్ చలిలో పొద్దున చూసినప్పుడు మాత్రం మూసుకునే ఉండాలి.

నాలుగో మెట్టు: వేలితో కదపండి. రేకును మెల్లగా తెరవండి. ఎక్కడా పట్టకుండా కదలాలి. వదలగానే తిరిగి తన స్థానానికి రావాలి. ఇరుక్కుంటే, మధ్యలో ఆగిపోతే అక్కడే సమస్య ఉంది. బలవంతం చేయవద్దు, సన్నటి కడ్డీ వంగిపోతుంది.

ఐదో మెట్టు: శుభ్రం చేయండి. రేకు ఇరుసు రెండు చివర్లలో కార్బురేటర్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో తోమి, పది పదిహేనుసార్లు మెల్లగా కదపండి. నల్లటి జిగురు కరిగి బయటకు వస్తుంది. గుడ్డతో తుడవండి. రబ్బరు పొర ఉన్న రకమైతే స్ప్రే దాని మీద పడకుండా చూడండి. ఇరుసుకు గ్రీజు, ఇంజన్ ఆయిల్, కొబ్బరినూనె రాయవద్దు. ఆ రోజు తేలిగ్గా కదులుతుంది, వారం తిరిగేలోపు దుమ్ము అతుక్కుని మళ్లీ బిగుసుకుంటుంది.

ఆరో మెట్టు: కడ్డీలు, రెక్క చూడండి. ఇంజన్ పైమూత విప్పి లోపల గడ్డి పొట్టు, వడ్ల పొట్టు, ఎలుక గూడు ఏమైనా ఉన్నాయా చూడండి. వాసంలో వేలాడదీసిన యంత్రాల్లో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టడం కూడా మామూలే. అన్నీ తీసేయండి. సైలెన్సర్ వైపు నుంచి రేకు వరకు వెళ్లే కడ్డీ కొక్కెం ఊడిందా, వంగిందా గమనించండి. విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అదే మీకు గురువు.

ఏడో మెట్టు: వేడి పరీక్ష. అన్నీ బిగించి స్టార్ట్ చేయండి. రకాన్ని బట్టి కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో ఇంజన్ శబ్దం సాఫీగా మారాలి, పొగ ఆగాలి. పది నిమిషాలు నడిపి ఆపండి. ప్లగ్ వైరు ఊడదీసి, చేతికి గుడ్డ చుట్టుకుని ఫిల్టర్ మూత తీసి చూడండి. వేడి స్ప్రింగ్ ఉన్న రకమైతే ఇంజన్ వేడిగా ఉన్నంతసేపు రేకు తెరిచే ఉండాలి. వెంటనే మూసుకుపోతోందంటే స్ప్రింగ్ పాడైంది, లేదా దాని కొక్కెం ఊడింది. ఆ భాగం మార్చాల్సిందే. దాని కోసం మొత్తం కార్బురేటర్ మార్చాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. మెకానిక్‌ను ఆ ఒక్క భాగం దొరుకుతుందా అని అడగండి.

రేకును తీగతో కట్టేయవద్దు

విసుగొచ్చి కొందరు రేకును తీగతో కట్టేస్తారు. తెరిచి కట్టేస్తే చలికాలం పొద్దున స్టార్ట్ కాదు. మూసి కట్టేసినా, మూసుకున్న చోక్‌తో రోజులకొద్దీ నడిపినా నష్టం ఎక్కువ. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. పిస్టన్ రింగులు అరిగిపోతాయి. ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా వెంటనే ఆయిల్ మార్చండి. 4 స్ట్రోక్ చిన్న ఇంజన్లకు ఎక్కువగా ఎస్ఏఈ 10డబ్ల్యూ-30 రకం సూచిస్తారు. ఎంత పోయాలో మీ పుస్తకంలో చూడండి.

పెట్రోల్ ఎక్కువై తడిసిన ఇంజన్‌ను ఆరబెట్టడం

స్విచ్ ఆఫ్ చేయండి. పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. ప్లగ్ విప్పి గుడ్డతో తుడిచి ఎండలో ఆరనివ్వండి. ప్లగ్ వైరును రంధ్రానికి దూరంగా పెట్టండి. చేతి చోక్ అయితే తెరవండి. యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి తాడును ఐదారుసార్లు లాగండి. లోపలి పెట్రోల్ తుంపరగా బయటకు వస్తుంది, ముఖం అటు పెట్టవద్దు. పది పదిహేను నిమిషాలు ఆగి, ప్లగ్ బిగించి, ఒలికిన పెట్రోల్ తుడిచాక ట్యాప్ తెరిచి స్టార్ట్ చేయండి. ఈసారి చోక్ వేయవద్దు. ప్లగ్ సందు చాలా 4 స్ట్రోక్ ఇంజన్లలో 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది.

చేతి చోక్ వాడే పద్ధతి

ఇంజన్ చల్లగా ఉంటే చోక్ మూసి, యాక్సిలరేటర్ సగం ఇచ్చి తాడు లాగండి. స్టార్ట్ కాగానే మెల్లగా చోక్ తెరవండి. వేడి ఇంజన్‌కు చోక్ వద్దు. ఎండాకాలంలో చాలాసార్లు సగం చోక్ చాలు. 2 స్ట్రోక్ బ్రష్ కట్టర్‌లో రబ్బరు బుడ్డిని ఆరేడుసార్లు నొక్కి, చోక్ మూసి తాడు లాగండి. ఒకసారి "టుప్" మని అంటుకుని ఆగిపోతుంది. అక్కడే చోక్ తెరిచి మళ్లీ లాగాలి. ఆ శబ్దం వచ్చాక కూడా చోక్ మూసే ఉంచి లాగడం వల్లే చాలా బ్రష్ కట్టర్లు తడిసిపోతున్నాయి.

2 స్ట్రోక్ ఇంజన్లకు 2టీ ఆయిల్ కలపడం మరవద్దు. పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయవద్దు.

మన ప్రాంతంలో రెండు ప్రత్యేక సమస్యలు

దుమ్ము: ఇందారం, శ్రీరాంపూర్ వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్క చేలల్లో బొగ్గు దుమ్ము, చేలో లేచే మట్టి దుమ్ము కలిసి ఫిల్టర్‌ను త్వరగా నింపేస్తాయి. ఎండాకాలం, దుక్కి సమయాల్లో ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు ఫిల్టర్ చూడండి. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కొద్ది చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి పిండి పెట్టండి. కాగితం ఫిల్టర్‌ను కడగవద్దు, మెల్లగా తట్టి దుమ్ము రాల్చండి. చిరిగితే మార్చండి. ఫిల్టర్ లేకుండా ఒక్క గంట కూడా నడపవద్దు. దుమ్ము సిలిండర్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది.

నిల్వ పెట్రోల్: ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. కార్బురేటర్‌లోకి ముందు వెళ్లేది ఆ అడుగు నీళ్లే. పాత పెట్రోల్ జిగురుగా మారి జెట్‌ను, చోక్ ఇరుసును పట్టేస్తుంది. యాసంగిలో పక్కన పెట్టిన యంత్రం వానాకాలంలో మొరాయించడానికి ముఖ్య కారణం ఇదే. అనుమానం ఉంటే కొంత పెట్రోల్‌ను తెల్ల గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి. కార్బురేటర్ కింద గిన్నెకున్న చిన్న బోల్టు వదులు చేసి ఆ నీళ్లు కూడా వదిలేయండి. జెట్‌ను స్ప్రేతోనే శుభ్రం చేయాలి. పిన్నీసు, తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

సీజన్ అయ్యాక దాచే పద్ధతి

నెల రోజులకు మించి వాడేది లేకపోతే ట్యాంకులో పెట్రోల్ తీసేయండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి తనంతట తాను ఆగిపోయే వరకు నడపండి. గడ్డి, మట్టి శుభ్రం చేసి, వరిగడ్డికి, వడ్ల బస్తాలకు దూరంగా, ఎలుకలు చేరని చోట గుడ్డ కప్పి పెట్టండి. రోహిణి కార్తె వచ్చేసరికి, అంటే విత్తనాలకు ముందే, ఒకసారి స్టార్ట్ చేసి చూసుకోండి. అప్పుడు బయటపడ్డ లోపాన్ని నిదానంగా సరిచేసుకోవచ్చు. పత్తి నెల రోజుల పంటయ్యాక బయటపడితే అంత తీరిక ఉండదు.

మెకానిక్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

పైన చెప్పినవన్నీ చూసినా తేడా లేకపోతే, ప్లగ్‌లో నిప్పురవ్వ రాకపోతే, తాడు లాగేటప్పుడు బిగువు లేకుండా వదులుగా వస్తే, ఆయిల్‌లో పెట్రోల్ పదే పదే కలుస్తుంటే మెకానిక్ చూడాల్సిందే. వెళ్లినప్పుడు "బండి స్టార్ట్ కావట్లేదు" అని మాత్రమే చెప్పవద్దు. చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా, పొగ ఏ రంగు, ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా, రేకు కదులుతోందా అన్నీ చెప్పండి. ఇన్ని వివరాలు మీరు చెప్తే అనవసరమైన భాగాలు మార్చే అవకాశం తగ్గుతుంది. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి.

మొన్న దారిలో అదే రైతు కనిపించాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పైమూత విప్పి పొట్టు తీస్తున్నానన్నాడు. "అప్పుడు తెలువక పట్నం ఉరికిన సారూ" అన్నాడు. మీరు అలా ఉరకాల్సిన అవసరం రాకూడదు.

యంత్రాల వాడకం, పంటల కలుపు యాజమాన్యంపై సందేహాలుంటే మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని కలవండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.